పాచికి వేసిన మూడు చిటికెలు

నా దగ్గర ఇరవై ఆరు నోటు పుస్తకాలున్నాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను కొలిచినవి, తూచినవి, లెక్కపెట్టినవి అన్నీ వాటిలో ఉన్నాయి. ఆఫీసు రిజిస్టర్లు వేరు, ఇవి వేరు. రిజిస్టర్లో పైవాళ్ళకు కావలసింది రాస్తాం, నోటు పుస్తకంలో జరిగింది రాస్తాం. ఈ తేడా చేరిన మొదటి వారంలోనే నాకు తెలిసింది. కొత్తగా ల్యాబుల్లో చేరిన మీకు కూడా ఈపాటికి తెలిసే ఉంటుంది, బయటికి చెప్పరు, అంతే.

ఇరవై మూడో పుస్తకంలో అరవై రోజుల కథ ఒకటుంది. అందులో నేను ముగ్గురి దొంగతనం పట్టుకున్నాను, నేను కూడా ఒక దొంగతనం చేశాను, లెక్కలన్నీ సరిగ్గా వేసి తప్పు చేశాను. మీకు పనికొస్తుందని రాస్తున్నాను. నీతి మాత్రం నేను చెప్పను. దొరికితే మీరే తీసుకోండి.

మాది సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న శిక్షణ కేంద్రం. రొయ్యల చెరువులవాళ్ళు, హేచరీల్లో పనిచేసేవాళ్ళు నీళ్ళ పరీక్షలు నేర్చుకోవడానికి వచ్చేవారు. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ముందు హాల్లో ఒక పెద్ద అద్దాల తొట్టి ఉండేది. అందులో సముద్రపు నీళ్ళు, రాళ్ళు, పదకొండు చేపలు. ఆ అంకె గుర్తు పెట్టుకోండి, తర్వాత మళ్ళీ లెక్కపెట్టాల్సి వస్తుంది.

చేపలకు మేత వేస్తాం. అవి తిని విసర్జించినదీ, తినక వదిలినదీ చివరికి నీళ్ళలో నైట్రేటుగా మిగులుతుంది. అది పెరిగితే చేపలు నలతపడతాయి. అందుకని వారానికోసారి మూడోవంతు నీళ్ళు తీసేసి, తీరం నుంచి డ్రమ్ముల్లో తెచ్చిన కొత్త నీళ్ళు పోసేవాళ్ళం. వానాకాలంలో ఆ దారిలో ట్రాక్టరు దిగబడేది. రెండుసార్లు దిగబడ్డాక పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది: తొట్టి తీసేయండి.

తొట్టి పోతే నాకు పోయేదేమీ లేదు. కానీ దాన్ని చూసుకోవడానికి రోజు కూలీ మీద ఒకామె ఉండేది. నెల్లూరు వైపు వరి మాగాణులున్న బుచ్చి ఊరి దగ్గర పల్లె ఆమెది. నారు పీకడం, నాట్లు వేయడం, కలుపు తీయడం చేతిలో ఉన్న మనిషి. మగడు ఈ పక్క రొయ్యల చెరువు మీద కాపలాకు కుదిరితే తనూ వచ్చింది. తొట్టి ఉంటేనే ఆమెకు పని. తొట్టి పోతే మర్నాటి నుంచి రావద్దంటారు. ఆ సంగతి ఆమె నన్ను ఒక్కసారే అడిగింది.

"అక్కా, నీళ్ళు మార్చకుండా చేపలు బతికే ఉపాయం మీ పుస్తకాల్లో యాడా లేదా?"

ఉంది. నేను పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. అరవై రోజులు గడువిచ్చారు, మూడు షరతులతో. ఒకటి, అరవై రోజులూ నీళ్ళు మార్చకూడదు. రెండు, ఒక్క చేప చావకూడదు. మూడు, అరవయ్యో రోజున కమిటీ వచ్చినప్పుడు నైట్రేటు లీటరుకు పది మిల్లీగ్రాముల లోపు ఉండాలి. ఒక్కటి తప్పినా తొట్టీ పోతుంది, ఆమె పనీ పోతుంది.

ఇక ఉపాయం. మన ఇళ్ళల్లో నీళ్ళ సంపు ఉంటుంది కదా, అట్లాగే ఈ తొట్టి కింద బల్లలో ఒక సంపు ఉంటుంది. పై నీళ్ళు గొట్టం గుండా అందులోకి దిగి, మూడు గదుల్లో తిరిగి, చివరి గదిలోని మోటారుతో మళ్ళీ పైకి పోతాయి. నడిమి గదిలో సముద్రపు పాచి పెంచితే ఆ నైట్రేటును అది తినేస్తుంది. ఏ పాచి పడితే అది పనికిరాదు. కొన్ని రాళ్ళకు వేళ్ళు పాతుకుని, గోడ దాటి పైకి పాకి, తొట్టినే మింగేస్తాయి. నేను ఎంచుకున్నది దారప్పాచి. పచ్చని నైలాను దారపు ఉండతో పిల్లి ఆడుకుని వదిలేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. దేనికీ అంటుకోదు, నీళ్ళలో వదులుగా తేలుతూ పెరుగుతుంది. మా తీరంలో వలల్లో చిక్కుకొస్తే విసుక్కుని పారేస్తారు. ఒక పడవ దగ్గర అరబకెట్టు అడిగితే, నా ముఖం ఒకసారి, బకెట్టు ఒకసారి చూసి నిండా పోశారు.

మొదటి రోజు సోమవారం. పాచిని కడిగి, పురుగులు ఏరి, ఎనిమిది వందల గ్రాములు తూచి నడిమి గదిలో వేశాను. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"పైన పాచి పట్టిందంటే అద్దం గీకి గీకి నా చెయ్యి పడిపోతా ఉంది. మీరు కింద పెంచమంటా ఉండారే!"

"పైన పట్టేది దొంగ పాచి. ఇది మన పైరు. చేపలు వదిలేది దీనికి ఎరువు. ఎరువంతా ఇది తింటే నీళ్ళు శుభ్రమవుతాయి. వారానికోసారి కోసి బయట పారేస్తే, తిన్న ఎరువు కూడా దాంతో పాటే పోతుంది."

"అంటే, కోసి పారేసేదానికి పైరు పెట్టాల."

"అవును."

"ఇంత వయసొచ్చి ఇట్టాంటి సేద్యం ఇప్పుడే చూస్తా ఉండా."

పైరు అన్న మాట నేను అన్నది ఆ ఉదయం పదిన్నరకు. పుస్తకంలో ఉంది. అంకెల్లో నేను చాలా జాగ్రత్త మనిషిని. మాటల్లో అంత జాగ్రత్త లేదని తర్వాత తెలిసింది.

పాచిని పెంచడం సులువే, గదిలో ఉంచడమే కష్టం. నాలుగో రోజునే ఒక పోగు గోడ మీదుగా జారి మోటారులోకి వెళ్ళి దాన్ని ఆపేసింది. ఆమె హేచరీలో రొయ్య పిల్లల్ని వడగట్టే సన్నని వల తెచ్చి, ప్లాస్టిక్ గొట్టాల చట్రానికి దిండు గలీబులా కుట్టి, నడిమి గదికి అడ్డంగా దించింది. రోజూ పొద్దున్నే పాత టూత్‌బ్రష్షుతో ఆ వల తోమేది. పైన దీపం ఆరగానే కింద పాచి మీద దీపం వెలిగేలా నేను ఏర్పాటు చేశాను. మంగళవారం కోత. పాచిని గుడ్డలో పిండి, చుక్క పడటం ఆగాక అరవై లెక్కపెట్టి తూచాలి. ఆమె అరవైకి బదులు నలభైకే ఆపితే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టించేదాన్ని.

పరీక్ష మంగళవారం ఒకసారి, గురువారం ఒకసారి. మొదటి వారం నైట్రేటు ఇరవై ఆరు. తర్వాత ఇరవై ఒకటి, పదమూడు, నాలుగో వారానికి నాలుగు. వారానికి నాలుగు వందల గ్రాముల పాచి కోసి పారేస్తున్నాం. పదకొండు చేపలూ ఉన్నాయి. నేను కమిటీని రేపే రమ్మనేటంత ధీమాగా ఉన్నాను.

అప్పుడు పాచి రంగు తేలింది. ముదురాకుపచ్చ పోయి, లేత నిమ్మ రంగు వచ్చింది. తినడానికి నైట్రేటు తగ్గింది కనుక రంగు తగ్గింది, మనం కోరుకున్నదే ఇది. నేను అందరికీ విడమరిచి చెప్పాను. అందరూ అంటే ముగ్గురు.

ఒకరు తొట్టి చూసే ఆమె. రెండోవాడు గేటు దగ్గర వాచ్‌మన్. వెంకటాచలం ఊరి వైపు మనిషి, పదేళ్ళు కౌలు సేద్యం చేసి విసిగి వచ్చాడు. ఆదివారం చర్చికి తప్పడు, మిగతా ఆరు రోజులు గేటుకు తప్పుతుంటాడు. మూడో ఆయన మా ఇన్‌చార్జి ఆఫీసరు గారు. నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్న. బుచ్చి పక్కన సొంత మాగాణి ఉన్న కుటుంబం. మడత నలగని చొక్కా, దుమ్ము అంటని బూట్లు. పొలానికి వెళ్ళినా కారు దిగకుండా పైరు చూసి వచ్చేస్తారని నా అభిప్రాయం. ఇది నేను కొలిచింది కాదు, అనుకున్నది.

"ఏంది మేడం, పసుపు తిరిగింది?" అన్నారు ఆఫీసరు గారు సంపులోకి వంగి.

"నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని అర్థం సార్. సంతోషించాలి."

"పైరు పసుపు తిరిగితే సంతోషించమనే మనిషిని మిమ్మల్నే చూస్తుండా."

పైరు అన్న మాట అప్పటికి ఆయన దాకా వెళ్ళింది. వాచ్‌మన్ కూడా వచ్చి చూసి, ఎవరో పోయినట్టు నాలుక చప్పరించి వెళ్ళాడు.

బుధవారం నేను ఆఫీసులో ఉండను. వారం రిపోర్టు తీసుకుని, జీపులో డ్రైవరుతో నెల్లూరు వెళ్ళి, సాయంత్రానికి పరీక్షలకు కావలసిన మందు సీసాలు తెచ్చుకుంటాను. ముప్పై రెండో రోజు గురువారం పరీక్ష చేస్తే నైట్రేటు మంగళవారం కంటే మూడు పాయింట్ నాలుగు ఎక్కువుంది. యంత్రం తప్పేమోనని మూడుసార్లు చేశాను. మళ్ళీ మంగళవారానికి తగ్గింది. ముప్పై తొమ్మిదో రోజు, అదీ గురువారమే, మళ్ళీ మూడు పాయింట్ నాలుగు పెరిగింది. పాచి మాత్రం వారానికి నాలుగు వందల గ్రాములు పెరిగేది ఏడు వందలు పెరిగి, ముదురాకుపచ్చగా మెరిసిపోతోంది.

మీలో ఎవరైనా "పది లోపే ఉంది కదా, పోనీలే" అనుకుంటే, దయచేసి వేరే ఉద్యోగం చూసుకోండి. లెక్కలో లేని మూడున్నర ఇవాళ మూడున్నర, రేపు ముప్పై. బల్ల తలుపు తీసి వెతికితే దీపం చట్రానికి ఒక తెల్లని గింజ అంటుకుని ఉంది. గుండ్రంగా, ఆవగింజ కంటే కొంచెం పెద్దగా. మా జిల్లాలో పుట్టినవాళ్ళెవరికీ అదేంటో చెప్పనక్కర్లేదు. యూరియా.

తొట్టి, సంపు కలిపి పన్నెండు వందల లీటర్ల నీళ్ళు. లీటరుకు మూడు పాయింట్ నాలుగు మిల్లీగ్రాములు పెరగాలంటే రెండు గ్రాముల యూరియా పడాలి. రెండు గ్రాములంటే ఒక చిటికెడు. ఎవరి చిటికెడు? బుధవారం శిక్షణ ఉండదు, ఆఫీసులో మిగిలేది ఆ ముగ్గురే.

నలభయ్యో రోజు శుక్రవారం, భోజనాల వేళ, ల్యాబులోని సున్నితమైన తూకం యంత్రాన్ని బల్ల మీదికి తెచ్చి పెట్టాను. పక్కన ఉప్పు డబ్బా.

"రక్తపోటు మీద సర్వే," అన్నాను. "చిటికెడు ఉప్పు అంటే ఎవరికెంతో రాసుకోవాలి. మామూలుగా మీరెట్లా తీస్తారో అట్లాగే తీసి ఈ కాగితం మీద వేయండి."

అది అబద్ధం కాదు, నేను నిజంగానే రాసుకున్నాను. వాచ్‌మన్ రెండు వేళ్ళతో వక్కపొడి తీసినట్టు తీశాడు: సున్నా పాయింట్ ఆరు గ్రాములు. ఆమె మూడు వేళ్ళతో: ఒకటి పాయింట్ ఒకటి. ఆఫీసరు గారు చొక్కా చెయ్యి పైకి మడిచి, అయిదు వేళ్ళూ కలిపి తీశారు: ఒకటి పాయింట్ నాలుగు.

"ఎక్కువా మేడం? మా నాయనకి కూడా బీపీ ఉంది," అన్నారు కంగారుగా.

"డాక్టరుకు చూపించుకోండి సార్," అన్నాను.

ఉప్పు కంటే యూరియా తేలిక. అదే డబ్బాలో యూరియా పోసి తూచి, ఆ తేడా వేసుకుంటే వాచ్‌మన్ చిటికెడు సున్నా పాయింట్ నాలుగు, ఆమెది సున్నా పాయింట్ ఏడు, ఆఫీసరు గారిది సున్నా పాయింట్ తొమ్మిది. రెండు గ్రాముల చిటికెడు ఎవరిదీ కాదు. శనివారమంతా దొంగ దొరకలేదు. ఆదివారం ఇంట్లో కందిపప్పులో రాళ్ళు ఏరుతూ ఆ మూడు అంకెలూ ఊరికే కూడాను. నాలుగు, ఏడు, తొమ్మిది. ఇరవై. సరిగ్గా రెండు గ్రాములు.

పప్పు పక్కన పెట్టి చాలాసేపు ఒంటరిగా నవ్వాను. ఒక దొంగ కోసం వెతికాను నేను. ముగ్గురూ మాగాణి మనుషులు. ముగ్గురూ నేను లేని రోజు చూసుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు, పసుపు తిరిగిన పైరుకు చిటికెడు వేసి వస్తున్నారు.

అక్కడితో ఆగి, ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఈ కథ లేదు. కానీ నాకు కొంచెం తిక్క ఉంది. నలభై మూడో రోజు సోమవారం వాళ్ళ దాపులు వెతికాను. ఆమెది బకెట్ల అర మీద పసుపు డబ్బాలో. వాచ్‌మన్‌ది వక్కపొడి డబ్బాలో. ఆఫీసరు గారిది, ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ఆయన సొరుగులో, "అర్జంట్" అని ముద్ర వేసిన ఖాకీ కవరులో. మూడింటిలోనూ యూరియా తీసేసి, ఎంత తీశానో అంతే బరువు ఉప్పు పెట్టాను. ఉప్పునీళ్ళలో చిటికెడు ఉప్పు పడితే ఎవరికీ నష్టం లేదు. "అర్జంట్ కవరు: తీసిన యూరియా 50.0 గ్రా., పెట్టిన ఉప్పు 50.0 గ్రా." అని పుస్తకంలో ఉంది. ఆఫీసరు గారి సొరుగు నేను తెరవడం తప్పే. సొరుగు ఎవరిదో తప్ప అది కూడా రాశాను.

మర్నాడు మంగళవారం కోతకు కూర్చోబోతుంటే ఆఫీసరు గారు కాగితం పంపారు: కమిటీ వచ్చేవరకు పాచి కోయరాదు, పచ్చగా నిండుగా కనిపించవలెను. నోటిమాట అయితే వాదించేదాన్ని. సంతకం ఉన్న కాగితానికి లోబడటం నాకు ముప్పై ఏళ్ళ అలవాటు. కోత ఆపాను.

నలభై ఆరో రోజు, గురువారం పొద్దున, ఆమె పసుపు డబ్బా పట్టుకుని ల్యాబులోకి వచ్చి తలుపు వేసింది.

"అక్కా, దీంట్లో ఉప్పు పోసింది మీరేనా?"

"ఉప్పని ఎట్లా తెలిసింది?"

"యూరియా తడి చేతికి చల్లగా తగలతాది. నిన్న తీస్తే చలవ లేదు. నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు."

"యూరియా నీ డబ్బాలో ఎందుకుంది మరి?"

ఆమె డబ్బా మూత బిగించింది. "పైరని మీరే అంటిరి గదా. ఎండిపోతా ఉంటే చూస్తా కూర్చునే చేతులా ఇవి?" తర్వాత డబ్బా నా బల్ల మీద పెట్టి, "పెద్ద కొలువు, పెద్ద పుస్తకం, మీకు దొంగతనాలు రావనుకుంటిని. ఇంత బాగా వచ్చని తెలిస్తే ముందే తోడు పిలిచేదాన్ని గదా," అంది.

పుస్తకం తెరిచి ఆమె చిటికెడు చూపించాను. సున్నా పాయింట్ ఏడు. మిగతా రెండు ఎవరివో చెప్పలేదు. ఇక వేయవద్దన్నాను. ఆమె తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఒక్క మాట అక్కా. ఎరువుకు మరిగిన పైరుకి ఉన్నట్టుండి ఆపేస్తే నిలవదు. ఆపాలంటే కోతన్నా కోయాల."

"ఇది పాచమ్మా, వరి కాదు," అన్నాను.

మొదటి రోజున పైరని చెప్పిన నోటితోనే. ఆమె మాట కూడా ఆ రోజు పేజీలో రాసుకున్నాను, విన్నానని కాదు, అలవాటు కొద్దీ.

అన్ని లెక్కలూ వేసిన నేను ఒక్కటి వేయలేదు. కోత ఆగింది కనుక పాచి రెట్టింపయింది. దాని ఆకలి కూడా రెట్టింపయింది. యూరియా ఆగింది. పదకొండు చేపలు వదిలేది దానికి ఒక మూలకు చాలదు. కోయవద్దన్నది ఆయన, తిండి ఆపింది నేను. ఒక్కటే అయితే బతికేది. యాభై ఎనిమిదో రోజుకి పాచి నడుమ తెల్లని మచ్చలు వచ్చాయి, గడ్డివాము లోపలి గడ్డిలా. ముట్టుకుంటే పోగు తెగుతోంది. నైట్రేటు మాత్రం రోజురోజుకీ తగ్గుతోంది. నేను ఆ అంకె చూసి మురిసిపోతున్నాను.

అరవయ్యో రోజు గురువారం. తొమ్మిది గంటలకు నైట్రేటు సున్నా పాయింట్ ఎనిమిది. పదకొండు పదికి కమిటీ వచ్చింది. ముగ్గురు. వాళ్ళల్లో పెద్ద సారు నెమ్మదస్తుడు. రెండో ఆయన చేతిలో ఫైలు, ముఖంలో చిరాకు. మూడో ఆయన ఫోను చూసుకుంటున్నాడు. ఆఫీసరు గారు చేపలు చూపించి, బల్ల తలుపు తెరిచి, "ఇదే సార్ మా పైరు," అన్నారు.

సరిగ్గా అప్పుడే తెగిన పోగులన్నీ కలిసి వలకు పట్టేశాయి. నడిమి గదిలో నీళ్ళు పొంగి, గోడ దాటి, బల్ల దాటి, పెద్ద సారు బూట్ల మీదికి వచ్చాయి. చివరి గదిలో నీళ్ళు తగ్గి మోటారు గాలి పీల్చుకుని గురక పెట్టింది. పై తొట్టి నిండా తెల్లని బుడగలు. పదకొండు చేపల్లో ఒక్కటీ కనబడలేదు. నేను పుస్తకం పట్టుకుని నిలబడిపోయాను. పుస్తకంతో మోటారు తిరగదు.

ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకుని ఆ నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుంది. నారు పీకినట్టు రెండు చేతులా పాచి లాగడం, గోడకు తట్టి నీళ్ళు దులపడం, దాని పోగుతోనే దాన్ని కట్టి వెనక్కి విసరడం. తెగే పాచి ఆమె చేతిలో తెగలేదు. వాచ్‌మన్ గేటు వదిలేసి వచ్చి కట్టలు అందుకున్నాడు. పద్నాలుగు కట్టలు, ఏడు నిమిషాలు. తర్వాత వల ఊడదీసి బ్రష్షుతో నాలుగు తోపులు తోమి మళ్ళీ దించింది. మోటారు గురక మాని ఊపిరి తీసుకుంది. బుడగలు మెల్లగా తేలిపోయాయి.

నేను లెక్కపెట్టాను. పది. మళ్ళీ లెక్కపెట్టాను. పది. అప్పుడు పదకొండోది రాయి వెనక నుంచి, ఈ గోలంతా ఎవరిదన్నట్టు, తల బయటపెట్టింది.

ఫైలాయన చిరాకు నోట్లోకి వచ్చింది. "ఎవరి నిర్లక్ష్యం ఇది? ఈ డైలీ వేజ్ ఆమెదేనా తొట్టి బాధ్యత? రాసుకోండి."

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నా వైపు చూసింది. ఆఫీసరు గారు తన గడియారం చూస్తున్నారు. నేను పుస్తకం తెరిచి పెద్ద సారు చేతికిచ్చాను.

"రాసే ఉంది సార్. ముప్పై రెండో రోజు నుంచి చదవండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నిలబడే చదివారు. నైట్రేటు, తెల్లని గింజ, ఉప్పు సర్వే, చిటికెలు, సొరుగు, ఉప్పు. చదువుతూ రెండుసార్లు దగ్గారు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"సున్నా పాయింట్ నాలుగు, సున్నా పాయింట్ ఏడు, సున్నా పాయింట్ తొమ్మిది. ఎవరివమ్మా ఈ చిటికెలు?"

"ఆ పేజీల్లో బరువులే ఉంటాయి సార్. మనుషులుండరు."

"సొరుగు ఎవరిది?"

"సొరుగుకు కూడా పేరు రాయలేదు సార్."

పని పోయేది ఎవరికో వాళ్ళే ముందు నోరు విప్పారు.

"ఏడు నాది సార్," అంది ఆమె.

"చిన్నది నాదయ్యుంటాది దొరా," అన్నాడు వాచ్‌మన్. "నేను రెండు వేళ్ళతోనే తీస్తా. ప్రభువు ముందర అబద్ధం చెప్పను, మేడం ముందర చెప్పినా చెల్లదు."

ఆఫీసరు గారు గడియారం మీద నుంచి కళ్ళెత్తారు. చెవులు ఎర్రబడ్డాయి. "మిగిలింది నాదే సార్. సొరుగు కూడా."

"ముగ్గురూ, ఒకరికి తెలియకుండా ఒకరా?"

"తెలిసుంటే ఒకరమే వేసి ఉందుము దొరా," అన్నాడు వాచ్‌మన్.

నేను ముందుకు జరిగాను. "ఇవాళ చెడింది యూరియా వల్ల కాదు సార్, యూరియా ఆపినందువల్ల. ఆపింది నేను. అట్లా ఆపితే నిలవదని ఈమె ముందే చెప్పింది. నలభై ఆరో రోజు పేజీ చూడండి. నేను వినలేదు."

ఫైలాయన నేల వైపు వేలు చూపించాడు. "ఇదంతా ఏంటి మరి? నీళ్ళు!"

"మీ కాగితంలో షరతులు మూడు," అన్నాను. "నీళ్ళు మార్చలేదు. చేపలు పదకొండు. నైట్రేటు సున్నా పాయింట్ ఎనిమిది. నీళ్ళు నేల మీద పడకూడదన్న నాలుగో షరతు నాకు అందిన కాగితంలో లేదు. మీ దగ్గరున్న కాగితంలో ఉంటే చూపించండి."

ఆయన నిజంగానే ఫైలు తిరగేశాడు. పెద్ద సారు ఇక దగ్గే ప్రయత్నం మానేశారు. కూర్చుని, బూట్లు విప్పి, మేజోళ్ళు పిండుకుని, ఆ తర్వాత రాశారు. తొట్టి ఏడాది పాటు ఉంటుంది, ఆమె పనీ ఉంటుంది. చివర ఒక వాక్యం తన చేతిరాతతో చేర్చారు: పాచి ఎప్పుడు కోయాలో తొట్టి చూసే మనిషే నిర్ణయించాలి, ఎవరి కాగితమూ అవసరం లేదు.

వాళ్ళు వెళ్ళాక పాచిని పిండి తూచాం. రెండు కిలోల ఎనిమిది వందల నలభై గ్రాములు. అరవై దాకా లెక్కపెట్టింది ఆమే, ఒక్కటీ వదలకుండా. "మీ పైరు దిగుబడి బానే ఉంది అక్కా," అంది.

ఏడాది పోయాక ఇంకో ఏడాది పొడిగించారు, తర్వాత ఇంకోటి. నేను రిటైరైన రోజున తొట్టి ఉంది, ఆమె ఉంది. శిక్షణకు వచ్చినవాళ్ళకి పాచి కోత చూపించేది ఆమే. "పైరని మాత్రం అనొద్దు," అని మొదటే చెబుతుందట.

ఆ రోజు శాలువా, పళ్ళు, ప్రసంగాలు అయ్యాక ఆఫీసరు గారు నా సంచిలో ఒక కవరు పెట్టారు. "మీ వస్తువొకటి నా దగ్గర ఉండిపోయింది మేడం," అన్నారు. ఖాకీ కవరు. మీద "అర్జంట్" అని ముద్ర.

ఇంటికొచ్చి తూకం యంత్రం మీద పెట్టాను. రిటైర్మెంటుకు నాకు నేనే కొనిచ్చుకున్న బహుమతి అది. ఉప్పు పెట్టింది యాభై గ్రాములు. కమిటీ వచ్చేలోపు మూడు బుధవారాలు. ఆయన ఉప్పు చిటికెడు ఒకటి పాయింట్ నాలుగు. మూడుసార్లు తీసి ఉంటే నలభై అయిదు పాయింట్ ఎనిమిది మిగలాలి. యంత్రం యాభై రెండు పాయింట్ మూడు చూపించింది. మా తీరపు గాలి తేమ ఉప్పు తాగేసింది. తడితో తూచింది లెక్కకు రాదు. పెనం పొయ్యి మీద పెట్టి, ఉప్పు చిటపటమనడం ఆగేదాకా వేయించి, చల్లార్చి మళ్ళీ తూచాను.

యాభై. సరిగ్గా.

ఒక్క చిటికెడు కూడా తీయలేదు. మొదటి బుధవారమే వేలు పెట్టి, చలవ లేదని తెలుసుకుని, ఎవరు చేసి ఉంటారో కూడా తెలుసుకుని, కవరు మూసి ఊరుకున్నారు. కారు దిగని మనిషికి ఆ చలవ తెలియదు. ఇరవై మూడో పుస్తకంలో ఆయన గురించి రాసుకున్న వాక్యం వెతికి, కొట్టేయకుండా, కింద రాశాను: కొలవలేదు. తప్పు.

తర్వాత ఫోను చేశాను. "సార్, యాభై ఉంది," అన్నాను.

నవ్వు ఆపుకుంటున్న గొంతుతో ఒక్కటే అడిగారు.

"తడి ఆర్చి తూచినారా మేడం?"